దక్వాజ్, సుక్సే, రుస్, మార్జొలేన్: మీ ఇంటి వేడుకకి ఏది?

మొన్న జూలైలో ఒక సాయంత్రం రాజమండ్రి నుంచి వదిన ఫోన్ చేసింది. "పాపకి పుట్టినరోజుకి ఈసారి మామూలు కేకు వద్దంట. నువ్వు ఫొటోలు పెడతావు చూడు, పొరలు పొరలుగా, మధ్యలో క్రీము, మైదా బదులు బాదం పొడి అన్నావు, అది కావాలంట. పేరేంటి దానిది?"

వెంటనే పేరు చెప్పలేకపోయాను. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంటున్న ఈ ఆరేళ్ళలో నేను పెట్టిన ఫొటోల్లో ఉన్నది ఒక్కటి కాదు. దక్వాజ్ ఉంది, సుక్సే ఉంది, ఒలొరాన్ నుంచి తెచ్చుకున్న రుస్ ఉంది, ఒక సంక్రాంతికి ఇంట్లో చేసిన మార్జొలేన్ ఉంది. నాలుగింటికీ మూలం ఒకటే. తెల్లసొనని పంచదారతో నురుగొచ్చేలా గిలక్కొట్టి (దీన్నే మెరింగ్ అంటారు), అందులో బాదం పొడో హేజల్‌నట్ అనే గింజల పొడో కలిపి, పల్చగా పరిచి కాల్చి, ఆ పొరల మధ్య క్రీము పెడతారు. అయినా ఒకటి చెయ్యాల్సిన చోట ఇంకోటి చేస్తే పేచీ వస్తుంది. వదినకి ఆ రోజు ఫోన్లో చెప్పిందే కాస్త నింపాదిగా ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో చేసుకోవాలనుకునేవాళ్ళకీ, ఫ్రాన్స్ వచ్చినప్పుడు కొనుక్కోవాలనుకునేవాళ్ళకీ పనికొస్తుంది.

ముందు పొర సంగతి తేల్చుకోండి

చాలామంది క్రీముని బట్టి ఎంచుకుంటారు, చాక్లెట్టా, కాఫీనా, ప్రాలీనా (పాకంలో వేయించిన గింజల ముద్ద) అని. క్రీము గొడవ తర్వాత. కొరికితే పెళుసుగా విరిగే పొర కావాలా, పైన పల్చటి పెంకు ఉండి లోపల మెత్తగా నమిలే పొర కావాలా? ముందు తేలాల్సింది ఇది. పెళుసు పొరని 120, 130 డిగ్రీల దగ్గర గంటా గంటన్నర ఆరబెట్టినట్టు కాలుస్తారు. మెత్తటి పొర 170 డిగ్రీల దగ్గర ఇరవై, పాతిక నిమిషాల్లో అయిపోతుంది.

ఇది రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మెరింగ్‌లో ఉన్న పంచదార చుట్టూ ఎక్కడ తేమ ఉన్నా లాక్కుంటుంది. గాలిలోది లాక్కుంటుంది, క్రీములోదీ లాక్కుంటుంది. పెళుసు పొరకి ఆ లాక్కున్న ప్రతి చుక్కా నష్టమే. మెత్తటి పొరకి కొంతవరకూ లాభం. అందుకే వడ్డించేది ఈ రోజా రేపా, బయట ఎండా వానా, ఫ్రిజ్‌లో చోటుందా లేదా అన్నవి తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

క్రీము విషయం కూడా ఇక్కడికే వస్తుంది. వెన్నలో నీళ్ళు తక్కువ. ఫ్రాన్స్‌లో అమ్మే వెన్నలో కొవ్వు కనీసం 82 శాతం ఉండాలి, నీళ్ళు 16 శాతం దాటకూడదు. అందుకని వెన్నతో చేసే బటర్‌క్రీమ్ పక్కన పెళుసు పొర చాలాసేపు నిలబడుతుంది. గిలక్కొట్టిన పాల క్రీములో సగానికి పైగా నీళ్ళే. అది పెట్టిన కొన్ని గంటలకే పొర మెత్తబడిపోతుంది. పూతరేకుల మీద తడి చెయ్యి పడితే ఏమవుతుందో మనకి తెలుసు కదా, ఇక్కడ జరిగేదీ అదే, కాస్త నెమ్మదిగా.

దక్వాజ్

నైరుతి ఫ్రాన్స్‌లో లాండ్ జిల్లాలో, అదూర్ నది ఒడ్డున దాక్స్ అనే ఊరుంది. వేడినీటి బుగ్గలకి పేరుపడ్డ ఊరు, ఊరి నడిబొడ్డునే ఆవిర్లు కక్కే వేడినీటి కొలను కనిపిస్తుంది. కీళ్ళ నొప్పులవాళ్ళు వారాల తరబడి ఉండి బురద పట్టీలు వేయించుకుంటారు. దక్వాజ్ అంటే 'దాక్స్‌ది' అని అర్థం. దగ్గర్లోని పో పట్టణం పేరుతో పలువా అని కూడా ఇదే తరహా కేకుని పిలుస్తారు.

దక్వాజ్ అన్న మాటకి ఇప్పుడు రెండు అర్థాలున్నాయి, కొనేటప్పుడు తికమక అక్కడే వస్తుంది. ఒకటి, గుండ్రటి రెండు మూడు గింజల మెరింగ్ పొరల మధ్య బటర్‌క్రీమో పాల క్రీమో పెట్టిన పూర్తి కేకు. రెండోది, ఆ పొర ఒక్కటే. ఈ రోజుల్లో మిఠాయి దుకాణాల అద్దాల వెనక మెరిసే చాలా మూస్ (నురుగులా తేలిగ్గా ఉండే క్రీము) కేకుల అడుగున ఉండేది దక్వాజ్ పొరే. చీటీ మీద దక్వాజ్ అని రాసి ఉన్నా లోపల ముప్పావు వంతు మామిడి మూసో చాక్లెట్ మూసో ఉండవచ్చు. మీకు కావాల్సింది పాత పద్ధతి కేకు అయితే పక్కనుంచి పొరలు లెక్కపెట్టుకుని కొనండి.

మెత్తటి పొర వైపు మొగ్గేవాళ్ళకి నేను చెప్పేది దక్వాజే. పళ్ళతో బాగా కలుస్తుంది. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ లాంటి పుల్లటి పళ్ళు పెడితే ఆ తీపి అదుపులోకి వస్తుంది. మామిడితో చేసేవాళ్ళు పండు మరీ మాగనిది, కాస్త పులుపున్నది తీసుకోండి. బంగినపల్లి బాగా మాగాక పెడితే తీపి మీద తీపి అయి రెండో ముద్ద తినబుద్ధి కాదు. పాల క్రీము పెడితే అదే రోజు తినెయ్యాలి.

ఇదే పొర జపాన్ వెళ్ళి చేతిలో పట్టే కోడిగుడ్డు ఆకారపు బిస్కెట్టయింది. ఫుకుఒకాలో మిషిమా తకావో అనే ఆయన దానికి ఆ రూపు ఇచ్చాడు. కాల్చే ముందు పైన ఐసింగ్ షుగర్ రెండుసార్లు చల్లుతారు, దాంతో గవ్వలాంటి పల్చటి పెంకు కడుతుంది. మధ్యలో కొంచెం ప్రాలీన్ క్రీము. పిల్లల డబ్బాల్లో పెట్టడానికీ, పదిమందికి పంచడానికీ కేకు కంటే ఈ రూపమే మేలు. కోత లేదు, చిందర లేదు.

సుక్సే, ప్రొగ్రే

సుక్సే అంటే విజయం, ప్రొగ్రే అంటే పురోగతి. సుక్సేలో బాదం ఒక్కటే వేస్తారు, ప్రొగ్రేలో బాదంతో పాటు హేజల్‌నట్ కూడా పడుతుంది. పాత పుస్తకాల లెక్క ఇదే కానీ అన్ని దుకాణాలూ దీన్ని పాటించవు. రెండింటిలోనూ పొర బాగా ఆరేదాకా కాలుస్తారు, మధ్యలో ప్రాలీన్ బటర్‌క్రీమ్ పెడతారు. గింజలని పంచదార పాకంలో ఎర్రగా వేయించి, చల్లారాక ముద్దగా నూరితే ప్రాలీన్. మన జీడిపప్పు అచ్చుని నూనె తేలేదాకా మిక్సీ పడితే ఎలా ఉంటుందో అలాంటి వాసన.

పెళుసుదనం ఇష్టమైనవాళ్ళకి ఈ రెండింటికి మించింది లేదు. కానీ నేను సెలవులకి కాకినాడ వెళ్ళినప్పుడు ఆగస్టులో చేసిన సుక్సే రాత్రికల్లా జిగురైపోయింది. తులూజ్‌లో మూడు రోజులు డబ్బాలో నిలిచిన అదే కొలత, అదే చెయ్యి. సముద్రపు గాలి ముందు అవేవీ పనిచెయ్యలేదు. డిసెంబరు, జనవరిలో అయితే ధైర్యంగా చెయ్యండి. హైదరాబాదులో శీతాకాలం దీనికి చక్కగా సరిపోతుంది. వానాకాలంలో, కోస్తాలో చెయ్యాల్సివస్తే ఒక ఉపాయం ఉంది. పొర చల్లారగానే రెండువైపులా కరిగించిన చాక్లెట్ బ్రష్‌తో పల్చగా పూసి ఆరనివ్వండి. కొవ్వు పొర అడ్డం పడి క్రీములోని తేమని ఆపుతుంది.

రుస్: చెయ్యలేం, వెళ్ళి కొనుక్కోవాల్సిందే

పో నుంచి చిన్న రైలెక్కితే పిరనీస్ కొండల పాదాల దగ్గర ఒలొరాన్-సాంత్-మరీ వస్తుంది. ఆస్ప్, ఒస్సో లోయల నుంచి దిగే రెండు ఏర్లు ఊళ్ళోనే కలుస్తాయి. ఇక్కడ ఆర్తిగారెద్ కుటుంబం 1925 నుంచి రుస్ అనే కేకు చేస్తోంది. రెండు పల్చటి బాదం పొరలు, మధ్యలో ప్రాలీన్ క్రీము, పైన దట్టంగా ఐసింగ్ షుగర్. అంతే. కొలతలు ఇంటి గుట్టు, బయటికి రాలేదు.

రుస్ అంటే రష్యావాడు అని. ఆ పేరెందుకంటే అప్పట్లో బాదం క్రిమియా నుంచి వచ్చేదని కొందరంటారు, పైన చల్లిన పంచదార రష్యా మంచు మైదానాల్లా ఉంటుందని ఇంకొందరు.

నేను మొదటిసారి వెళ్ళింది నవంబరులో. దుకాణం బయట బల్ల మీద కూర్చుని, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, పెట్టె విప్పి ఒక ముక్క తిన్నాను. సుక్సేలా పెళుసు కాదు, దక్వాజ్‌లా మెత్తనా కాదు. పంటి కింద ఒక్క క్షణం నిలబడి, తర్వాత క్రీముతో కలిసి కరిగిపోతుంది. ఎక్కడ పొర ఆగిందో ఎక్కడ క్రీము మొదలైందో తెలియదు. ఇంట్లో నాలుగుసార్లు ప్రయత్నించాను, దగ్గరికి కూడా రాలేదు. తులూజ్, బోర్దో, పో వైపు చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు కదా, ఒక శనివారం ఒలొరాన్‌కి పెట్టుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కాకుండా ఓ అరగంట బయట పెట్టి తినండి, వెన్న మెత్తబడితేనే ప్రాలీన్ వాసన పైకొస్తుంది.

మార్జొలేన్: ఒకరోజు ముందు చేసేవాళ్ళ కోసం

లియోన్‌కి దక్షిణంగా ముప్ఫై కిలోమీటర్ల దూరంలో రోన్ నది మీద వియెన్ ఉంది, రోమన్ల కాలపు ఊరు. రథాల పందేల మైదానం మధ్య నిలిపిన రాతి స్తంభం ఇప్పటికీ అక్కడ ఉంది, జనం దాన్ని పిరమిడ్ అంటారు. దాని పేరే పెట్టుకున్న లా పిరమీద్ అనే భోజనశాలలో ఫెర్నాన్ ప్వాన్ వంట చేసేవాడు. 1897లో పుట్టి 1955లో పోయిన ఆయనకి 1933లోనే భోజనశాలలకి నక్షత్రాలిచ్చే మిషెలాన్ గైడు తన అత్యున్నత గుర్తింపైన మూడు నక్షత్రాలిచ్చింది. తర్వాత పేరుమోసిన వంటవాళ్ళు పోల్ బొక్యూజ్, త్రోగ్రో సోదరులు ఆయన దగ్గర పనిచేసి పైకొచ్చినవాళ్ళే. మార్జొలేన్ ఆయన సృష్టి. ఆ పేరుతో ఒక సుగంధపు ఆకు కూడా ఉంది కానీ ఇందులో అది పడదు.

గుండ్రంగా ఉండదు, ఇటుకలా పొడుగ్గా ఉంటుంది. బాదం, హేజల్‌నట్ కలిపిన పొరలు నాలుగు. వాటి మధ్య మూడు క్రీములు, ఒకటి చాక్లెట్ గనాష్ (పాల క్రీములో కరిగించిన చాక్లెట్), ఒకటి వెనీలా, ఒకటి ప్రాలీన్. అడ్డంగా కోస్తే ఏడు చారలు కనిపిస్తాయి.

అన్నింటిలో నాకు ఇష్టమైనది ఇదే. పని ఎక్కువే, దాచను. నాలుగు పొరలు, మూడు గిన్నెల క్రీము, వంటగదిలో ఓ సగం రోజు. కానీ దీని గొప్పదనం ఏమిటంటే ఇది ఎదురుచూడనిస్తుంది. చేసిన రోజు తింటే పొరలు వేరు, క్రీము వేరుగా అనిపిస్తుంది. ఒక రాత్రీ ఒక పగలూ ఫ్రిజ్‌లో పెడితే పొర కావలసినంత తేమ తాగి, క్రీములు గట్టిపడి, చాకు ఒక్క వేటున దిగుతుంది. మిగతా కేకులకి శత్రువైన తేమ దీనికి చుట్టం. చుట్టాలు వచ్చే రోజు పొద్దున పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. కోస్తా జిల్లాలవాళ్ళకి, వానాకాలం వేడుకలకి, పన్నెండు మందికి పైగా భోజనానికి వచ్చే ఇళ్ళకి నేను మొదట చెప్పేది మార్జొలేన్. మొదటిసారి మెరింగ్ పట్టేవాళ్ళకి మాత్రం చెప్పను.

జీడిపప్పుతో అయితే

ఫ్రెంచి పొర ఫిలిప్పీన్స్ వెళ్ళి సాన్ రివాల్ అయింది. సాటిలేనిది అని అర్థం, పేరు ఫ్రెంచిదే. అక్కడ బాదం బదులు జీడిపప్పు వేస్తారు. పెళుసుగా కాల్చిన పొరలు, పచ్చసొనతో చేసిన బటర్‌క్రీమ్, పైన పలుకులుగా కొట్టిన జీడిపప్పు. చల్లగా, దాదాపు గడ్డకట్టినట్టున్నప్పుడు తింటారు. ఉక్కపోత ఉన్న దేశం తనకి తగ్గట్టు మార్చుకున్న కేకు, కాబట్టి మన వాతావరణానికీ సరిపోతుంది. పలాస నుంచి జీడిపప్పు తెప్పించుకునే ఇళ్ళకి దిగుమతి హేజల్‌నట్ కోసం వెతుక్కునే బెడద లేదు. గుండు పప్పు అక్కర్లేదు, ముక్కపప్పు చాలు, ఎలాగూ పొడి కొట్టేదే కదా. జీడిపప్పుకి బాదం కంటే తీపి ఎక్కువ, అందుకని పొరలో పంచదార ఒక చెంచా తగ్గించి క్రీములో చిటికెడు ఉప్పు వెయ్యండి.

చేసేముందు

నలుగురైదుగురికి సరిపోయే చిన్న కేకుకి నేను నాలుగు గుడ్ల తెల్లసొన తీసుకుంటాను, దాదాపు 120 గ్రాములు వస్తుంది. మెత్తటి పొర కావాలంటే అందులో 40 గ్రాముల పంచదార వేసి కొన నిలబడేదాకా గిలక్కొట్టి, 100 గ్రాముల బాదం పొడి, 100 గ్రాముల ఐసింగ్ షుగర్ జల్లించి కలుపుతాను. పెళుసు పొరకి గిలక్కొట్టేటప్పుడు వేసే పంచదారే 100 గ్రాములకి పెంచి, ఐసింగ్ షుగరూ గింజల పొడీ చెరో 80కి తగ్గిస్తాను. పంచదార ఎక్కువైతే నురుగు గట్టిగా నిలబడి బాగా ఆరుతుంది.

పొడి కొట్టడంలోనే చాలామందికి చెడిపోతుంది. గింజలు వేయించి పూర్తిగా చల్లార్చండి, వేడి మీద మిక్సీ పడితే నూనె తేలుతుంది, ఆ నూనె నురుగుని కూలదోస్తుంది. ఐసింగ్ షుగర్‌తో కలిపి, ఆపి ఆపి తిప్పండి. నురుగులో పొడి పోశాక గరిటెతో కిందనుంచి పైకి ఇరవై ముప్ఫై మార్లకి మించి తిప్పవద్దు. తర్వాత క్షణం ఆలస్యం చెయ్యకుండా బటర్ పేపర్ మీద పరిచి లోపలికి తోసెయ్యండి.

మిగిలిన నాలుగు పచ్చసొనలు ఎక్కడికీ పోవు. వాటి మీద 118 డిగ్రీల పంచదార పాకం సన్నటి ధారగా పోస్తూ గిలక్కొట్టి, చల్లారాక ఉప్పులేని వెన్న కలిపితే ఫ్రెంచి బటర్‌క్రీమ్. ఈ కేకుల్లో నాకు నచ్చే ఇంకో విషయం ఇది, గుడ్డు మొత్తం వాడకం అయిపోతుంది. పాల క్రీము పెట్టాలనుకునేవాళ్ళు 25 శాతం కొవ్వున్న మామూలు ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్ తేవద్దు, అది నిలబడదు. కనీసం 30 శాతం ఉన్నది చూసి తెచ్చుకోండి.

గుడ్డు తినని ఇళ్ళవాళ్ళు అడుగుతుంటారు. కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్ళతో కూడా నురుగు వస్తుంది. వట్టి మెరింగ్ వరకూ బాగానే ఉంటుంది, గింజల పొడి పడగానే త్వరగా కూలుతుంది. చిన్న బిస్కెట్లుగా వేసి పెళుసుగా ఆరబెట్టండి, పెద్ద పొరల జోలికి వెళ్ళకండి.

ఫ్రాన్స్‌లో కొనేటప్పుడు ఇంకో రెండు అడగండి. మూస్ ఉన్న కేకుల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. కొన్ని క్రీముల్లో రమ్ కలుపుతారు. గోధుమ పడనివాళ్ళు కూడా అడిగి కొనడమే మంచిది, కొందరు పొరలో ఓ పిడికెడు మైదా వేస్తారు.

వదిన ఏం చేసిందంటే

జూలై వాన, చిన్న ఓటీజీ, పన్నెండుమంది పిల్లలు, మెరింగ్ పట్టడం మొదటిసారి. ఇవన్నీ విన్నాక నేను దక్వాజూ చెప్పలేదు, మార్జొలేనూ చెప్పలేదు. "వదినా, జీడిపప్పుతో సాన్ రివాల్ చెయ్యి. శుక్రవారం రాత్రి పొరలు కాల్చి ఓటీజీలోనే చల్లారనివ్వు. స్టీలు డబ్బాలో గట్టిగా మూత పెట్టు. పొద్దున మెత్తబడ్డట్టు అనిపిస్తే 100 డిగ్రీల్లో పావుగంట మళ్ళీ పెట్టు, కోలుకుంటాయి. శనివారం క్రీము పెట్టి ఫ్రీజర్‌లోకి తోసెయ్. ఆదివారం కొయ్యడానికి పావుగంట ముందు తియ్యి, రంపపు పళ్ళ చాకుతో కొయ్యి" అన్నాను.

కాల్చాల్సిన నాలుగు పొరల్లో ఒకటి తీస్తుండగా విరిగిందంట. విరిగినదాన్ని మధ్యలో పెట్టి క్రీముతో అతికించమన్నాను, కోశాక ఎవరికీ కనిపించలేదు. పిల్లలకి సరిపోగా రెండు ముక్కలు మిగిలితే అన్నయ్య రాత్రి పదింటికి తిన్నాడంట.

డిసెంబరులో నేను వెళ్తున్నాను. ఈసారి మార్జొలేన్ కలిసి చేద్దాం అంది వదిన. ఇక్కడ లొటేగారోన్ జిల్లాలో కాంకోన్ అనే ఊరి చుట్టుపక్కల హేజల్‌నట్ తోటలున్నాయి, ఈ ఏటి పంట దిగాక ఒక కిలో కొని సూట్‌కేసులో పెట్టుకోవాలి.